హాస్టల్లో చదువూ నిలవాలి, నిద్రా నిలవాలి అంటే

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. కొత్తగా హాస్టల్ బాధ్యత తీసుకున్నారు, ఒక అంతస్తులో తెల్లవారుజాము దాకా లైట్లు వెలుగుతూనే ఉంటున్నాయి, ఇంకో అంతస్తులో అదే టైముకి పాటలూ కేకలూ, మధ్యలో మొదటి ఏడాది పిల్లలు ఎటు చేరాలో తెలీక నలిగిపోతున్నారు, పైవాళ్ళేమో తప్పనిసరి స్టడీ అవర్స్ పెట్టి రోజూ హాజరు తీసుకోమంటున్నారు, పెట్టాలా వద్దా అన్నారు. నేను చాలా ఏళ్ళుగా వార్డెన్ పనిలోనే ఉన్నాను కాబట్టి సూటిగానే చెబుతాను. నిశ్శబ్ద వేళలు పెట్టండి, గట్టిగా అమలు చేయండి. హాజరు మాత్రం వద్దు.

పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ నిశ్శబ్ద వేళ వల్ల చదువుకోవాలనుకున్నవాళ్ళకి చదువుకునే వీలు, పడుకోవాలనుకున్నవాళ్ళకి పడుకునే వీలు దొరుకుతుంది, దానికి అడ్డుపడేవాళ్ళని ఆపడం వరకే మీ పని. హాజరు తీసుకుంటే మనిషి కుర్చీలోకి వస్తాడు, అంతే. సంతకం పెట్టడానికి వచ్చినవాళ్ళు సంతకం పెట్టి కూర్చుంటారు, పక్కవాళ్ళతో గుసగుసలాడతారు, నిజంగా చదివేవాళ్ళు అది భరించలేక పుస్తకాలు పట్టుకుని మెట్ల మీదికి పోతారు. పైగా చదువంటే వార్డెన్ కోసం చేసే పని అన్న అభిప్రాయం పడిపోతుంది. ఒకసారి పడితే దాన్ని పోగొట్టడం నిజంగా కష్టం.

అసలు మీరు సాధించాల్సింది ఒకటుంది. రాత్రి ఏదో ఒక వేళకి ఒక స్టూడెంట్ పుస్తకం మూసి "ఇవాళ్టికి చాలు, పడుకుంటా" అని నలుగురిలో అనగలగాలి, అలా అన్నందుకు వాళ్ళకి నామోషీ అనిపించకూడదు. సమతూకం అంటే నాకు తెలిసినంతలో ఇదే. ఇన్ని గంటలు చదువు, ఇన్ని గంటలు ఆట అని టైమ్‌టేబుల్ గీసి గోడకి అంటిస్తే అది వారం కూడా నిలవదు. ఎవరు ఎప్పుడు ఆపుతారన్నది వాళ్ళు చుట్టూ చూసేదాన్ని బట్టి ఉంటుంది, ఎదురు గది తలుపు కింద వెలుగుందా, మెస్‌లో పొద్దున్నే ఎవరు ఏం గొప్పగా చెప్పుకుంటున్నారు, సీనియర్లు దేనికి శభాష్ అంటున్నారు, ఇలాంటివి. అక్కడ పని చేయాలి.

రాత్రి 2 గంటలకి ఒకసారి ఆ లైట్లు వెలిగే అంతస్తులో చప్పుడు చేయకుండా నడిచి చూడండి. తలుపు ఓరగా తీసున్న గదిలో ఏం కనబడుతుందో చెబుతాను. పుస్తకం తెరిచే ఉంటుంది, పదిన్నరకి ఏ పేజీలో ఉందో ఇంచుమించు అక్కడే. దాని మీద ఫోను. మూడు రంగుల హైలైటర్లు. చదివేవాడి కళ్ళు ఎర్రగా ఉంటాయి, ఒక్కో పేరా రెండు మూడు సార్లు చదువుతుంటాడు, ఎందుకంటే మొదటిసారి బుర్రకెక్కలేదు. రెండో మంచం మీద రూమ్మేట్ గోడవైపు తిరిగి, ముఖం మీదికి దుప్పటి లాక్కుని పడుకుని ఉంటాడు, నిద్రపోడు. ఇద్దరిలో ఒకడికి చదువు అవడం లేదు, ఇంకొకడికి నిద్ర లేదు. మరి లైటెందుకు ఆర్పలేదని మెల్లగా అడిగి చూడండి, నాకు ఎక్కువసార్లు వచ్చిన జవాబు ఒకటే: "ఎదురు రూమ్‌లో ఇంకా చదువుతున్నారు సార్." ఎదురు రూమ్‌వాళ్ళు చెప్పేదీ అదే.

దీని గురించి మనస్తత్వ శాస్త్రంలో బాగా తెలిసిన పరిశోధన ఒకటుంది. 1993లో డెబోరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల తాగుడు అలవాట్లని పరిశీలించారు. విడివిడిగా అడిగితే ఆ అలవాటు తమకంత నచ్చడం లేదని చెప్పినవాళ్ళే, మిగతావాళ్ళకి మాత్రం అది బాగానే నచ్చుతోందనుకున్నారు. ఎవరికి వాళ్ళు తామొక్కరే వేరుగా ఉన్నామనుకుని, నోరు మూసుకుని గుంపుతో పోయారు. రాత్రి చదువుల విషయంలోనూ నేను చూసింది ఇదే తీరు. అందుకే రూల్స్ పెట్టక ముందే మీరు చేయాల్సింది ఒక చిన్న చీటీల సర్వే. పేర్లు వద్దు. మూడే ప్రశ్నలు: నిన్న ఎన్నింటికి పడుకున్నావు, ఎన్నింటికి పడుకుంటే బాగుండేదనుకుంటున్నావు, మీ అంతస్తులో మిగతావాళ్ళు మామూలుగా ఎన్నింటికి పడుకుంటారనుకుంటున్నావు. మూడింటి సగటులూ పెద్ద అక్షరాలతో రాసి నోటీసు బోర్డు మీద పెట్టండి, కింద ఏ నీతివాక్యమూ రాయకండి. చాలా హాస్టళ్ళలో మూడో అంకె మొదటిదానికన్నా ఆలస్యంగా వస్తుంది, రెండోది అన్నిటికన్నా ముందుంటుంది. అది చూసినవాళ్ళు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు, ఆ మాటలు మీ ఉపన్యాసం కన్నా ఎక్కువ పని చేస్తాయి.

ఇక నిద్ర సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు వాదిస్తారు, వాదించినప్పుడు మీ దగ్గర విషయం ఉండాలి. "పరీక్ష ముందు రాత్రి ఒక్కటీ నైటౌట్ చేస్తే ఏమైంది" అంటారు. 2019లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన వచ్చింది, ఒక కెమిస్ట్రీ కోర్సులో ఉన్న సుమారు వందమంది విద్యార్థుల చేతులకి నిద్రని కొలిచే బ్యాండ్లు కట్టి సెమిస్టరంతా చూశారు. పరీక్షకి ముందు ఒక్క రాత్రి ఎంత పడుకున్నారన్నదానికీ మార్కులకీ సంబంధం కనబడలేదు. అంతకు ముందు వారమూ నెలా ఎంత పడుకున్నారు, ఎంత నిలకడగా పడుకున్నారు అన్నదానికి మాత్రం స్పష్టమైన సంబంధం కనబడింది. అంటే నెలంతా నిద్ర చెడగొట్టుకుని పరీక్ష ముందు రోజు బుద్ధిగా పడుకుంటే ఒరిగేది పెద్దగా లేదు. 2017లో హార్వర్డ్ విద్యార్థుల మీద వచ్చిన ఇంకో పరిశోధనలో, ఒకరోజు 11కి ఇంకోరోజు 3కి ఇలా ఇష్టమొచ్చినట్టు పడుకునేవాళ్ళ గ్రేడ్లు తక్కువగా ఉన్నాయి, ఆశ్చర్యం ఏంటంటే వాళ్ళు పడుకున్న సగటు గంటలు క్రమంగా పడుకునేవాళ్ళతో దాదాపు సమానమే. వేళ తప్పడమే తేడా. ఈ రెండూ మార్కులకీ నిద్రకీ మధ్య సంబంధాన్ని చూపిన పరిశోధనలే గానీ ఇదే కారణమని తేల్చినవి కావు, ఆ మాట కూడా పిల్లలకి నిజాయితీగా చెప్పండి, తెలివైనవాళ్ళు ఎలాగూ అడుగుతారు.

ఇంకోటి, 2000లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా పరిశోధన ప్రకారం 17 నుంచి 19 గంటలు ఏకబిగిన మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం కొన్ని పరీక్షల్లో, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోయింది. ఉదయం 7కి లేచినవాళ్ళకి అర్ధరాత్రికే 17 గంటలు నిండుతాయి. ఆ తర్వాత చదివే గంటలో ఎంత ఎక్కుతుందో వాళ్ళనే లెక్కేసుకోమనండి. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. కాఫీతో నెట్టుకొస్తామంటారు, కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే చాలామందికి సుమారు 5 గంటలు పడుతుంది, రాత్రి 10కి తాగిన కాఫీ సగం 3 గంటలకి కూడా ఒంట్లోనే ఉంటుంది. పుస్తకం మూసినా నిద్ర పట్టలేదంటే అందులో వింతేముంది.

అయితే ఇక్కడ పెద్దవాళ్ళు చేసే పొరపాటూ ఒకటుంది. టీనేజీలోనూ ఇరవై ఏళ్ళ చుట్టుపక్కలా శరీరంలోని గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది, వాళ్ళకి నిద్ర ముంచుకొచ్చే వేళే మనకన్నా వెనక. అది బద్ధకం కాదు. తొమ్మిదిన్నరకి లైట్లు ఆర్పించి, తెల్లవారుజామున 4కో 5కో గంట కొట్టి లేపే హాస్టళ్ళున్నాయి, దానికి క్రమశిక్షణ అని పేరు. ఆ పిల్లలు పదకొండు దాకా చీకట్లో పైకప్పు చూస్తూ ఉంటారు, పొద్దున ఇంకా రెండు మూడు గంటల నిద్ర మిగిలుండగానే లేస్తారు. కలలొచ్చే నిద్ర ఎక్కువగా ఉండేది తెల్లవారుజామునే, సరిగ్గా దాన్నే కోసేస్తున్నాం. 18 దాటినవాళ్ళకి కనీసం 7 గంటలు, అంతకన్నా చిన్నవాళ్ళకి 8 నుంచి 10 గంటలు అవసరమని నిద్ర వైద్యులు చెబుతారు. మీ హాస్టల్లో మొదటి క్లాసు ఎన్నింటికుందో చూసి, అక్కడ్నించి వెనక్కి లెక్కేసి నిశ్శబ్ద వేళ పెట్టండి. నా మటుకు రాత్రి 9 నుంచి 11 దాకా చదువు నిశ్శబ్దం, 11న్నర నుంచి నిద్ర నిశ్శబ్దం, మధ్యలో ఆ అరగంట మాటలకీ నవ్వులకీ వదిలేయడం బాగా కుదిరింది. ఆ అరగంట తీసేయకండి. రెండు గంటలు నోరు మూసుకున్నవాళ్ళకి ఒక గుక్క మాట్లాడుకునే వీలు లేకపోతే ఆ మాటలన్నీ అర్ధరాత్రి తర్వాత వస్తాయి.

గోల చేసే అంతస్తు సంగతి. వాళ్ళని చెడ్డవాళ్ళ లెక్కలో వేయకండి, ముందు ఒకటి చూడండి: రాత్రి 8 తర్వాత నలుగురు కలిసి గట్టిగా నవ్వుకోవడానికి మీ భవనంలో పడకగదులు కాకుండా వేరే చోటేమైనా తెరిచి ఉందా? చాలాచోట్ల ఉండదు. కామన్ రూమ్‌కి తాళం, ఆటస్థలానికి తాళం, టెర్రస్‌కి తాళం. అప్పుడు కారిడారే కామన్ రూమ్ అవుతుంది. పడకగదులకి దూరంగా, వీలైతే కింది అంతస్తులో ఒక గది గోలకి ఇచ్చేయండి, క్యారమ్స్ బోర్డు పెట్టండి, 11న్నర దాకా తెరిచి ఉంచండి. పరీక్షలొస్తే ముందు ఆ గదికే తాళం వేయమంటారు పైవాళ్ళు, దయచేసి వేయకండి. పరీక్షల వారంలోనే ఆ గది ఎక్కువ అవసరం.

రీడింగ్ రూమ్ విషయంలో చిన్న చిన్నవే పెద్ద తేడా తెస్తాయి. చదివేటప్పుడు మనసుని ఎక్కువ లాగేది అర్థమయ్యే మాట. ఫ్యాన్ హోరు గట్టిగా ఉన్నా అలవాటైపోతుంది, వెనక బెంచీలో ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే కబురు మాత్రం చెవిలో పడుతూనే ఉంటుంది, ముఖ్యంగా చదివినదాన్ని వరసగా గుర్తుపెట్టుకునేటప్పుడు. కాబట్టి "మెల్లగా మాట్లాడుకోండి" అనే రూల్ రీడింగ్ రూమ్‌లో పనికిరాదు, అక్కడ మాటే ఉండకూడదు, మాట్లాడాలంటే వేరే గది ఉండాలి. కుర్చీ కాళ్ళకి రబ్బరు తొడుగులు వేయించండి, నేల మీద కుర్చీ ఈడ్చే కీచుమనే చప్పుడు ఒక్కటి పోతేనే ఎంత హాయో మీకు మొదటి రోజే తెలుస్తుంది. తలుపు ధడాల్న పడకుండా చూడండి. ఫోన్ మాట్లాడుకోవడానికి ఫలానా చోటు అని ఒకటి గుర్తు పెట్టండి, లేకపోతే అందరూ మెట్ల దగ్గరికే వెళ్తారు, మెట్ల దగ్గర మాట్లాడింది మూడంతస్తులకీ వినబడుతుంది. ఇంకా మీరు రౌండ్లు కొట్టడం మానేసి, రోజూ ఓ అరగంట మీ పనేదో తెచ్చుకుని అదే గదిలో కూర్చోండి. కాపలా కాస్తున్నట్టు కాకుండా మీ పని మీరు చేసుకోండి.

గంటల లెక్క గురించి ఇప్పుడు. "నిన్న ఎన్ని గంటలు చదివావు" అనే ప్రశ్న హాస్టల్లో వినబడినంత కాలం మీరెన్ని చేసినా లైట్లు ఆరవు, ఎందుకంటే గొప్ప అంతా గంటల్లోనే ఉంది. చదువు పద్ధతుల మీద జాన్ డన్లోస్కీ బృందం 2013లో పది పద్ధతులని వరసగా పరిశీలించి రాసిన సమీక్షలో, పిల్లలు ఎక్కువగా వాడే రెండు పద్ధతులు, అంటే గీతలు గీయడం, మళ్ళీ మళ్ళీ చదవడం, తక్కువ ఉపయోగం ఉన్నవాటిలో తేలాయి. తమని తాము పరీక్షించుకోవడం, చదువుని రోజుల మీద విడదీసి చదవడం, ఈ రెండే పై వరసలో నిలిచాయి. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగం ఇంకా స్పష్టంగా ఉంటుంది: మళ్ళీ చదివినవాళ్ళు 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే బాగా రాశారు, వారం తర్వాత పెడితే మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసుకున్నవాళ్ళే ముందున్నారు. అర్ధరాత్రి మళ్ళీ మళ్ళీ చదివేవాళ్ళు మోసపోయేది ఇక్కడే, చదువుతుంటే అన్నీ తెలిసినట్టే ఉంటాయి, ఆ తెలిసినట్టుండడమే చదువు అనుకుంటారు.

దీన్ని హాస్టల్లోకి తేవడానికి ఒక నల్లబల్ల చాలు. రీడింగ్ రూమ్ బయట, మాట్లాడుకునే గదిలో ఒక పెద్ద బల్ల, సుద్దముక్కలు. 10 గంటలకి ఎవరైనా లేచి అప్పటిదాకా చదివినదాన్ని పుస్తకం చూడకుండా బల్ల మీద రాసి పక్కవాళ్ళకి చెప్పడం, ఆగిపోయిన చోట నలుగురూ చేరి వెతకడం. రెండో మూడో వారానికి అడిగే ప్రశ్నే మారుతుంది, "ఎన్ని గంటలు" పోయి "ఏది వచ్చింది, ఎక్కడ ఆగింది" అవుతుంది. బల్ల ముందు పావుగంటలో చెప్పగలిగినవాళ్ళకి రాత్రి 2 దాకా కూర్చోవాల్సిన పని కనబడదు.

గుంపుగా చదవడం మంచిదా ఒంటరిగా చదవడం మంచిదా అని కూడా అడిగారు. దీనికి నాకు తెలిసిన మంచి జవాబు యూరి ట్రైస్‌మన్ అనే గణితం అధ్యాపకుడి పనిలో ఉంది. 1970ల్లో అమెరికాలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, కాలిక్యులస్ కోర్సులో బాగా రాణించే చైనీస్ మూలాలున్న విద్యార్థులనీ, వెనకబడుతున్న ఆఫ్రికన్ అమెరికన్ విద్యార్థులనీ వాళ్ళు ఎలా చదువుతున్నారో వెంట ఉండి చూశాడు. వెనకబడుతున్నవాళ్ళు కష్టపడకపోవడం లేదు. లెక్చరర్ చెప్పినన్ని గంటలూ చదువుతున్నారు, కాకపోతే ఒంటరిగా, చదువు వేరు స్నేహాలు వేరు అన్నట్టు. బాగా రాణించేవాళ్ళు ముందు ఎవరికి వాళ్ళు లెక్కలు చేసుకుని, తర్వాత కలిసి కూర్చుని ఒకరివి ఒకరు సరిచూసుకుంటున్నారు, అందరూ ఆగిపోయిన లెక్కంటే అది నిజంగా కష్టమైనదని వాళ్ళకి తెలిసిపోతోంది. ఒంటరిగా ఉన్నవాడికి ఆ వీలు లేదు, తనకి రాకపోతే తప్పు తనదే అనుకుంటాడు. ట్రైస్‌మన్ తర్వాత కలిసి చేసే వర్క్‌షాపులు పెట్టాడు, అందులో సులువు లెక్కలతో పాఠం మళ్ళీ చెప్పడం కాకుండా మామూలుకన్నా కష్టమైన లెక్కలిచ్చాడు, ఫలితాలు చాలా మెరుగయ్యాయి.

కాబట్టి వరస ముఖ్యం. మొదట ఒంటరిగా ఒక గంట, తర్వాత కలిసి ముప్పావు గంట. గుంపులో నలుగురైదుగురు మించకూడదు, ప్రతి ఒక్కరూ తాము ఆగిపోయిన ఒక ప్రశ్నతో రావాలి. ఒంటరి గంట లేకుండా నేరుగా గుంపులో కూర్చుంటే ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు తల ఊపుతారు, అంతే. "నీకూ అర్థం కాలేదా, నేనొక్కడినే అనుకున్నా" అనే మాట వినబడ్డాక ఆ పిల్లల్లో టెన్షన్ ఎంత తగ్గుతుందో చూస్తే మీకే సంతోషంగా ఉంటుంది.

గదుల కేటాయింపు దగ్గర చాలామంది తొందరపడతారు. రూమ్మేట్ ప్రభావం నిజమే. అమెరికాలోని డార్ట్‌మౌత్ కాలేజీలో మొదటి ఏడాది రూమ్మేట్లని లాటరీలాగా కలిపిన సమాచారం మీద బ్రూస్ సాసర్‌డోట్ 2001లో చేసిన పరిశోధనలో పక్క మంచం మనిషి ప్రభావం గ్రేడ్ల మీద కనబడింది. అక్కడిదే బెరియా కాలేజీలో ఇంకో పరిశోధన, 2008లో వచ్చింది, రూమ్మేట్ వీడియో గేమ్ తెచ్చుకుంటే ఆ గదిలో రెండోవాళ్ళ చదువు గంటలూ గ్రేడ్లూ తగ్గాయని చూపించింది. ఇవి విని, అయితే బాగా చదివేవాళ్ళ పక్కన వెనకబడ్డవాళ్ళని వేద్దాం అనుకుంటారు. సరిగ్గా అలాంటిదే అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ప్రయోగం చేసి చూశారు, వెనకబడతారనుకున్నవాళ్ళని బాగా చదివేవాళ్ళు ఎక్కువగా ఉన్న బృందాల్లో కావాలనే వేశారు. 2013లో వచ్చిన ఫలితం ఏంటంటే, ఎవరికి మేలు చేద్దామనుకున్నారో వాళ్ళ గ్రేడ్లే ఇంకా తగ్గాయి. ఒకే బృందంలో ఉన్నా వాళ్ళు తమలాంటివాళ్ళతోనే జట్టుకట్టారు, మధ్యస్థంగా ఉండేవాళ్ళు లేక రెండు ముక్కలైపోయారు. కాబట్టి మార్కులు చూసి జతలు కలపకండి. అసలు మార్కులూ ర్యాంకులూ హాస్టల్ నోటీసు బోర్డు మీదికే రానివ్వకండి, అవి కాలేజీ సంగతి. నిద్ర వేళలు కలిసేవాళ్ళని కలపండి, దానికి చేరేటప్పుడే దరఖాస్తులో రెండు ప్రశ్నలు చాలు.

గదిలో చేరిన మొదటి వారంలోనే ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక కాగితం రాయించండి. పెద్ద లైటు ఎన్నింటికి ఆర్పాలి, ఆ తర్వాత టేబుల్ ల్యాంప్ వాడొచ్చా, అలారం ఎన్నిసార్లు మోగొచ్చు, ఫోన్ స్పీకర్ మీద పెట్టడం కుదురుతుందా, ఫ్రెండ్స్ వస్తే ఎంతసేపు. సిల్లీగా ఉందంటారు. పొద్దున 5కి పెట్టిన అలారం ఐదు నిమిషాలకోసారి మోగుతూ, పెట్టినవాళ్ళు లేవకుండా పక్కవాళ్ళు లేచే గదిలో నెల రోజులుంటే అప్పుడు అది సిల్లీ కాదని తెలుస్తుంది. నేను సర్దుబాటు చేసిన రూమ్మేట్ తగాదాల్లో చాలావాటికి మూలం లైటో అలారమో. మొదటి ఇంటర్నల్స్ అయ్యాక ఆ కాగితం మళ్ళీ తీసి మార్చుకోమనండి, అప్పటికి ఎవరి సంగతి ఏంటో ఇద్దరికీ తెలుస్తుంది.

సీనియర్ల గురించి చెప్పకపోతే ఈ జవాబు అసంపూర్తి. మొదటి ఏడాదివాళ్ళు వార్డెన్ చెప్పింది వింటారు, సీనియర్లు చేసింది చేస్తారు. "ఒక్క రాత్రిలో సిలబస్ మొత్తం లాగించేశా" అనే కథలు మొదటి వారంలోనే చెవిన పడతాయి, వాటితోనే ఏడాది పాటు బతికేస్తారు. అంతస్తుకి ఒక ప్రతినిధిని ఎంచుకునేటప్పుడు టాపర్‌ని ఎంచుకోవడం అందరూ చేసే పని, నేను వద్దంటాను. ఒక సబ్జెక్టు పోయి, మళ్ళీ నిలదొక్కుకుని పాసైన మూడో ఏడాది స్టూడెంట్‌ని ఎంచుకోండి, ఆటలాడేవాళ్ళయితే ఇంకా మంచిది. వాళ్ళు మొదటి వారం సమావేశంలో లేచి, ఎక్కడ తప్పిందో, ఎవర్ని సాయం అడిగారో, ఇప్పుడు ఎన్నింటికి పడుకుంటున్నారో పది నిమిషాలు చెబితే చాలు. సాయం అడగడం మామూలు పనే అన్న నమ్మకం అలాంటివాళ్ళ నోట విన్నప్పుడే కుదురుతుంది.

తల్లిదండ్రులు ఫోన్ చేసి "మావాడు ఎన్ని గంటలు చదువుతున్నాడండీ" అని అడుగుతారు. గంటలు చెప్పకండి. భోజనానికి వస్తున్నాడు, నిద్రపోతున్నాడు, నలుగురితో కలుస్తున్నాడు, క్లాసుకి వెళ్తున్నాడు అని చెప్పండి. మొదట్లో వాళ్ళకి నచ్చకపోవచ్చు, ఓపిగ్గా చెప్పండి.

పరీక్షల రోజుల్లో రీడింగ్ రూమ్ రాత్రంతా తెరవమని పిల్లలే వినతిపత్రం ఇస్తారు. దీని మీద నాతో విభేదించే వార్డెన్లు చాలామంది ఉన్నారు, వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది, కానీ నేను 1 గంటకి మూసేయమనే అంటాను. ఎవరైనా తమ గదిలో ల్యాంపు పెట్టుకుని చదువుకుంటే అది వాళ్ళిష్టం, రూమ్మేట్‌కి ఇబ్బంది లేనంతవరకు మనం జోక్యం చేసుకోకూడదు. అయితే హాస్టల్ తనంతట తానే తెల్లవార్లూ గది తెరిచి లైట్లు వేసి ఉంచితే, మెలకువగా ఉండడమే పద్ధతి అని మనమే చెప్పినట్టవుతుంది, పడుకోబోయేవాళ్ళు కూడా భయపడి వచ్చి కూర్చుంటారు. దానికి బదులు పొద్దున 5న్నరకే తెరవండి. కావాల్సినవాళ్ళు పడుకుని లేచి వస్తారు.

ఒక్క విషయం మాత్రం ఏ రూలుకీ వదిలేయకండి. భోజనం మానేస్తున్నవాళ్ళు, పగలంతా పడుకుని క్లాసులకి వెళ్ళనివాళ్ళు, ఫలితాలొచ్చాక ఒక్కసారిగా మాట తగ్గించేసినవాళ్ళు, తమ వస్తువులు పంచిపెట్టేస్తున్నవాళ్ళు, "నేను లేకపోతే ఎవరికీ ఏమీ కాదు" లాంటి మాటలు అంటున్నవాళ్ళు, వీళ్ళ గది లైటు రాత్రంతా వెలుగుతోందంటే అది చదువు లైటు కాకపోవచ్చు. వెళ్ళి పక్కన కూర్చోండి, నేరుగా అడగండి, చనిపోవాలనిపిస్తోందా అని అడగాల్సొచ్చినా అడగండి, అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకండి, కౌన్సిలర్ దగ్గరికో డాక్టర్ దగ్గరికో మీరే వెంట తీసుకెళ్ళండి, రహస్యంగా ఉంచమని బతిమాలినా సరే ఒప్పుకోకండి. ఫలితాల రోజు ప్రతి అంతస్తులో ఒక మనిషి ఉండేలా ముందే ఏర్పాటు చేసుకోండి. కౌన్సిలర్, డాక్టర్ నంబర్లు మీ ఫోన్‌లో ఇవాళే ఉండాలి.

ఇదంతా పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి మార్కుల కోసం ఆగక్కర్లేదు. మెస్‌లో పొద్దున టిఫినుకి ఎంతమంది వస్తున్నారో వంటవాళ్ళని అడగండి, ఆ సంఖ్య పెరుగుతోందంటే రాత్రి ముందుగా పడుకుంటున్నట్టు. మొదటి క్లాసుకి వెళ్ళేవాళ్ళు, నల్లబల్ల మీద రోజూ కొత్త రాత ఉంటోందా, చప్పుడు ఫిర్యాదులు మీ దాకా వస్తున్నాయా లేక వాళ్ళలో వాళ్ళే తలుపు తట్టి చెప్పుకుంటున్నారా, ఇవి చూసుకోండి. ఆరేడు వారాలకి ఆ చీటీల సర్వే మళ్ళీ చేయండి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం చీటీలు, కుర్చీలకి రబ్బరు తొడుగులు, గోల గదికి తాళం తీయించడం. వచ్చే వారం అంతస్తుల వారీగా పిల్లల్ని కూర్చోబెట్టి నిశ్శబ్ద వేళలు వాళ్ళ చేతే ఖరారు చేయించండి, అరగంట అటూ ఇటూ వాళ్ళు మార్చుకుంటే మార్చుకోనివ్వండి, తమ నోటితో అన్న టైముకి కట్టుబడతారు. పైవాళ్ళకి హాజరు రిజిస్టర్ బదులు టిఫిను లెక్కా, మొదటి క్లాసు లెక్కా నెలకోసారి పంపిస్తానని రాసివ్వండి. వాళ్ళకి కావాల్సింది ఏదో ఒక లెక్క, అదేదో పనికొచ్చేదే ఇద్దాం. ఒప్పుకోకపోతే ఒక్క అంతస్తులో ఒక సెమిస్టర్ ప్రయత్నించడానికి అనుమతి అడగండి, ఏమన్నారో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి చూద్దాం.